యూనిఫాం ఎవరు ఉతికారు? – కాజీపేట బోర్డింగుల జ్ఞాపకాలు

బోర్డింగులో చదువుకున్న ఆడవాళ్ళని ఆ రోజుల గురించి అడిగితే మొదట యూనిఫాం రంగు చెబుతారు. ఆ వెంటనే బెల్లులు చెబుతారు. తెల్లవారుజాము బెల్లు, స్టడీ బెల్లు, అన్నం బెల్లు, లైట్లార్పే బెల్లు. ఇంకాసేపు కూచుంటే, టీ తాగడం కూడా అయ్యాక, మాట మెల్లగా సబ్బు మీదికి వస్తుంది. ఎన్ని జతలుండేవి, ఏ రోజు ఉతుక్కునేవాళ్ళు, నీళ్ళు ఎక్కణ్ణించి మోసుకొచ్చేవాళ్ళు, ముసురుపట్టి ఆరకపోతే ఏం చేసేవాళ్ళు. కాజీపేటలో, హనుమకొండలో నేను కలిసిన వాళ్ళలో 1960లలో మిషన్ బోర్డింగులో చదివి టీచరుగా రిటైరైనవాళ్ళున్నారు. 1990లలో ప్రభుత్వ హాస్టల్లో ఉండి నర్సులైనవాళ్ళున్నారు. పదో తరగతిలోనే పెళ్ళయి ఇంట్లో ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. తమ పేర్లూ, బడి పేర్లూ వద్దన్నారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. వీళ్ళెవరితో మాట్లాడినా నా నోటుపుస్తకంలో ఎక్కువ పేజీలు నిండింది ఉతుకు గురించే.

యూనిఫాం పిల్లలందర్నీ సమానం చేస్తుందని బళ్ళు చెబుతాయి. అది వ్యక్తిత్వాన్ని చెరిపేస్తుందని, శరీరాల్ని లొంగదీస్తుందని మన విమర్శ చెబుతుంది. ఫూకోని చదువుకున్నవాళ్ళం కాబట్టి రెండో మాట మనకి తేలిగ్గా నోటికొస్తుంది. అయితే ఈ రెండు మాటల్లోనూ యూనిఫాం అప్పటికే ఉతికి, ఆరి, ఇస్త్రీ అయిపోయి ఉంటుంది. ఆ పని ఎవరు చేశారన్నది లెక్కలోకి రాదు. నాకేమో బోర్డింగు జ్ఞాపకాల్లో కులం, డబ్బు, ఆడతనం ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న చోటు సరిగ్గా అదే అనిపిస్తుంది. యూనిఫాం సమానత్వమిచ్చిందా లేదా అన్న ప్రశ్నకి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతున్నారంటే, దాన్ని వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో, హాస్టళ్ళలో ఎవరు ఉతికారో చూడాలి.

ముందు కాజీపేట సంగతి. హైదరాబాదు నుంచి వచ్చిన రైలుమార్గం ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం మీదుగా బెజవాడకి పోతుంది. రెండోది పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా బల్లార్షాకి పోతుంది. నిజాం రైల్వే వేసిన ఈ బల్లార్షా లైను 1929లో పూర్తయింది. అంటే ఇటు జనగామ పల్లెల పిల్లలు, అటు బొగ్గుబాయి కార్మికుల పిల్లలు, ఇంకోవైపు ఖమ్మం వైపు పిల్లలు ఒక్క రైలెక్కి దిగగలిగిన ఊరు ఇది. ఆడపిల్లని ఒంటరిగా పంపడానికి భయపడే తల్లిదండ్రులకి బండి మారక్కర్లేకపోవడమంటే చిన్న విషయం కాదు. బెల్లంపల్లి నుంచి వచ్చి చదివిన ఒకావిడ, తండ్రి ట్రంకుపెట్టె దింపి, ఉన్న పళాన మరో బండికి తిరిగిపోయేవాడని, ఆ రెండు బళ్ళ మధ్య ఉన్న సమయమే తమకి వీడ్కోలని చెప్పారు.

1952లో వరంగల్ కతోలిక మేత్రాసనం ఏర్పడింది. ఇటాలియన్ మిషనరీల చేతుల మీదుగా కాజీపేటలో ఫాతిమానగర్ ఒక కేంద్రంగా పెరిగింది. ఫాతిమామాత కేథడ్రల్, దాని చుట్టూ బళ్ళు, ఆసుపత్రి వచ్చాయి. 1955లో మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ సెయింట్ గాబ్రియేల్ స్కూలు పెట్టారు, మగపిల్లలకి. ఆడపిల్లలకి ఫాతిమా బాలికల హైస్కూలు వచ్చింది. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే ఏడాది వరంగల్లో మెడికల్ కాలేజీ మొదలైంది. కొద్ది ఏళ్ళలోనే ఈ చుట్టుపక్కల చదువుల ఊళ్ళన్న పేరు స్థిరపడింది. వీటి పక్కన, అంతగా పేరు లేకుండా, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు నడిచాయి. జనం చాలాకాలం వాటిని హరిజన హాస్టళ్ళనే పిలిచారు. ఒకే ఊళ్ళో రెండు రకాల బోర్డింగులు, రెండు రకాల యూనిఫాంలు. ఆ రెంటి జ్ఞాపకాల్నీ పక్కపక్కన పెట్టి చూడ్డానికి కాజీపేట కన్నా మంచి చోటు నాకు తోచలేదు.

పైగా ఇది యూనిఫాంల ఊరు. గార్డు తెల్ల దుస్తులు, లోకోషెడ్డు నీలిబట్టలు, టీసీ నల్లకోటు. రైల్వే కాలనీ పిల్లలకి బట్టని చూసి మనిషి హోదా పోల్చుకోవడం నడక నేర్చినప్పుడే వచ్చేసి ఉంటుంది. ఆ బట్టల్ని కూడా ఉతికింది ఇంటి ఆడవాళ్ళే. లోకోషెడ్డు నూనె మరక, బొగ్గు మసి వదిలించడం ఎంత కష్టమో ఆ ఇళ్ళ కూతుళ్ళు ఇప్పటికీ చెబుతారు. బోర్డింగుకి వచ్చేసరికి కొందరికి ఆ చేతులు అప్పటికే తయారై ఉన్నాయి.

అసలు స్కూలు యూనిఫాం పుట్టుక కూడా కాస్త గుర్తు చేసుకోవాలి. లండన్‌లో 1552లో పెట్టిన క్రైస్ట్స్ హాస్పిటల్ అనే బడిలో అనాథ పిల్లలకి, పేద పిల్లలకి పొడుగాటి నీలం కోటు వేశారు. వీళ్ళు ధర్మం మీద చదువుకునే పిల్లలని ఊరంతటికీ తెలియాలి కాబట్టి ఆ కోటు. తర్వాతెప్పుడో డబ్బున్నవాళ్ళ బళ్ళు యూనిఫాంని తమ దర్జాగా మార్చుకున్నాయి. మన దగ్గర వరస తిరగబడింది. ముందు కాన్వెంటు పిల్లల టై, ట్యూనిక్ గొప్ప చదువుకి గుర్తుగా కనబడ్డాయి. ఆ తర్వాత హాస్టలు గుడ్డ వచ్చి నీలం కోటు పాత పని మొదలుపెట్టింది. అంటే ఎవరు సర్కారు అన్నం తింటున్నారో చూపించింది. 1920లలో మరో ధోరణి కూడా ఉండేది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో పెట్టిన శారదా నికేతనం వంటి చోట్ల ఖద్దరు కట్టుకోవడం జాతీయోద్యమంలో భాగం. తెలంగాణ నుంచి సంగెం లక్ష్మీబాయమ్మ అక్కడికి వెళ్ళి చదువుకున్నారు. ఖద్దరూ ఒకరకంగా యూనిఫామే. కాకపోతే దాన్ని కట్టుకున్నవాళ్ళు ఎంచుకుని కట్టుకున్నామనుకున్నారు. బోర్డింగు పిల్లకి ఆ అవకాశం లేదు.

యూనిఫాం చేతికొచ్చిన రోజు దగ్గరే జ్ఞాపకాలు రెండుగా చీలతాయి. డబ్బు కట్టి చదివినవాళ్ళకి అది ఒక జాబితా. జూన్ ముందు ఇంటికొచ్చే కాయితం. ఇన్ని జతలు, ఇన్ని లంగాలు, దుప్పటి, ప్లేటు, గ్లాసు, బకెట్, తాళంకప్ప, తెల్ల కాన్వాస్ బూట్లు, ఈ రంగు రిబ్బన్లు. హనుమకొండ చౌరస్తా బట్టల షాపులు, మిషను కుట్టేవాళ్ళ దగ్గర పడిగాపులు. బట్టల మీద ఎర్రదారంతో నంబరు కుట్టడం తల్లుల పని. ఇంటి రంగుల బట్టలన్నీ వదిలేసి ఒక్క రంగులోకి వెళ్ళడం వీళ్ళకి పోగొట్టుకోవడంగా గుర్తుంది. ఒకావిడకి ఇష్టమైన పూలగౌను మూడు రోజుల పాటు ట్రంకుపెట్టె అడుగున దాచి, సిస్టరమ్మ పెట్టెలు తనిఖీ చేసినప్పుడు దొరికిపోయి ఇంటికి పంపేశారట.

సంక్షేమ హాస్టల్లో చదివినవాళ్ళకి అదే రోజు ఇంకోలా గుర్తుంది. తాను గుడ్డ వచ్చింది, వరసలో నిలబెట్టి కొలిచారు, కొలవకుండా కూడా కుట్టారు, పొడుగైంది, వదులైంది. కానీ అది కొత్తది. అక్క విడిచింది కాదు, దొరసాని ఇచ్చింది కాదు. ఒళ్ళంతా కప్పే, ఎక్కడా కుట్టు పడని, తన ఒక్కదానిదే అయిన మొదటి బట్ట అదేనని చెప్పినవాళ్ళు ఒకరిద్దరు కాదు. దసరా సెలవుల్లో ఊరికి అదే వేసుకుని వెళ్ళామని, వాడకట్టులో అందరూ వచ్చి చూశారని చెప్పారు. కాన్వెంటులో చదివిన ఆవిడ సెలవులకి ఇంటికి రాగానే మొదట చేసిన పని యూనిఫాం విప్పెయ్యడం. మన స్త్రీవాద విమర్శలో మొదటిరకం జ్ఞాపకమే సిద్ధాంతంగా మారింది. స్వేచ్ఛ అంటే నచ్చిన బట్ట అని. రెండోరకం జ్ఞాపకానికి ఇంకా సిద్ధాంతంలో చోటు దొరకలేదు. అది కృతజ్ఞత కాదు, లొంగుబాటు కూడా కాదు.

అయితే యూనిఫాం ఆ కొత్తదనాన్ని ఎంతోకాలం నిలబెట్టుకోదు. పెరిగే పిల్లకి మడతలు పెట్టి కుడతారు. ఏడాదికో మడత విప్పుతారు. విప్పిన చోట గుడ్డ వెలిసిపోకుండా ముదురు రంగులో, గీత గీసినట్టు మిగులుతుంది. ఎన్ని గీతలుంటే అన్నేళ్ళ పాత యూనిఫాం. ప్రార్థనలో వరసగా నిలబడ్డప్పుడు ముందు పిల్ల లంగా అంచు చూసి వాళ్ళ నాన్నకి జీతమొచ్చే ఉద్యోగం ఉందో లేదో చెప్పగలిగేవాళ్ళమని ఒక టీచరమ్మ నవ్వుతూ అన్నారు. సమానత్వపు గుడ్డ మీదే పేదరికం లెక్క గీతలుగా రాసి ఉందన్నమాట.

ఇక ఉతుకు. మిషన్ బోర్డింగుల్లో కొన్నిచోట్ల చాకలి వచ్చి మూటలు పట్టుకెళ్ళేది. నంబరు కుట్టింది అందుకే. ఆ చాకలామె ఎవరు, ఆమె కూతురు ఎక్కడ చదివింది అని అడిగితే చాలామందికి తెలియదు. దగ్గరి ఊళ్ళవాళ్ళకి నెలకోసారి చూడ్డానికొచ్చే తల్లి మాసిన జతలు తీసుకెళ్ళి ఉతికి తెచ్చేది. ఫీజు కట్టలేక ఉచితంగా ఉన్న పిల్లలు తమవి తామే ఉతుక్కునేవాళ్ళు. కొన్నిచోట్ల చిన్నపిల్లల బట్టలూ, అన్నాల గది తుడవడం, బియ్యం ఏరడం కూడా వీళ్ళ వంతే. పొద్దున ప్రార్థనలో అందరూ ఒకే రంగు. మధ్యాహ్నం నీళ్ళ తొట్టి దగ్గర ఎవరు కూచున్నారో చూస్తే ఆ రంగు రెండయ్యేది.

హాస్టల్లో రెండు జతలున్నవాళ్ళకి రోజు మార్చి రోజు ఉతుకు. ఒకటే మిగిలితే రాత్రిపూట. 501 బారు ముక్కని దారంతో కోసి వాటాలు వేసుకోవడం, అది అయిపోతే కుంకుడుకాయ నురగ, తెల్లజాకెట్టుకి నీలిమందు, గంజి ముంచడానికి వంటామెని బతిమాలుకోవడం. ఇస్త్రీకి రెండు పద్ధతులు. మడతపెట్టి పరుపు కింద, పరుపు లేకపోతే ట్రంకుపెట్టె కింద రాత్రంతా పెట్టడం. లేదా చెంబులో పొయ్యి నిప్పులు పోసి ఆ వేడి చెంబుని బట్ట మీద తిప్పడం. వానాకాలం తడిబట్టే తొడుక్కుని ప్రార్థనకి వెళ్ళి ఒంటి వేడికి ఆరబెట్టుకున్నారు. దగ్గు, జ్వరం జ్ఞాపకాలు ఎక్కువ ఆగస్టువే.

ఇంత చేసిన పిల్లకి వరసలో పడిన మాట ఏమిటంటే నీట్‌గా ఉండదని. క్లీన్ అండ్ నీట్ అన్నది బోర్డింగు నియమాల్లో మొదటిది. గోళ్ళు, చెవులు, కాలర్, తల. తనిఖీ చేసే కళ్ళకి వెలిసిన బట్ట మురికి బట్టలా కనబడేది. నర్సుగా పనిచేస్తున్న ఒకామె, తన కులం పేరుతో ఎవరూ తిట్టలేదని, కాలర్ చూసి అన్న మాటలే చాలునని చెప్పింది. మా అమ్మ ఊరందరి పొలాల్లో బురదలో పనిచేసేది, మురికి గురించి మాకు చెప్పాల్నా అని ఆమె వాదం. శుభ్రతని కులం నుంచి విడదీసి చూడలేమన్న సంగతి మనకి దళిత స్త్రీల రచనలు గట్టిగానే చెప్పాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’, 2006లో జూపాక సుభద్ర, శ్యామల కలిసి తెచ్చిన ‘నల్లరేగటిసాల్లు’ తర్వాత, ఆడపిల్లల చదువు గురించి ఒకే కథ ఉన్నట్టు రాయడం కుదరదు.

ఎవరి జ్ఞాపకాలు కాయితం మీదికొస్తాయన్నది కూడా చూడాలి. పేరున్న బళ్ళకి పూర్వవిద్యార్థుల సంఘాలుంటాయి, స్వర్ణోత్సవ సంచికలుంటాయి, ఫొటోలుంటాయి. మూతబడిన లేదా అద్దె ఇల్లు మారుతూ పోయిన హాస్టలుకి సంచిక ఎవరు వేస్తారు? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ళని మాట్లాడించి, మాటనే చరిత్రకి ఆధారం చేసింది. పోరాటం గురించి అడిగినప్పుడు ఆ స్త్రీలు తిండి, బట్ట, కాన్పు గురించి కూడా మాట్లాడారు. పెద్ద సంఘటన లేని చోట, అంటే ఒక హాస్టల్ నీళ్ళ తొట్టి దగ్గర, ఆ పద్ధతిని మనం తగినంతగా వాడలేదు.

వార్డెన్ వైపు నుంచి కూడా ఒక మాట ఉండాలి. ఈ జ్ఞాపకాలన్నిటిలో ఆమె రాక్షసి. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ చదివినవాళ్ళకి ఆ బొమ్మ కొంచెం కదులుతుంది. ఉద్యమం, భర్త, ఇల్లు అన్నీ దూరమయ్యాక ఆమె హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదువుకున్నారు. తర్వాత కాకినాడ మహిళా పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా పనిచేశారు. ఒంటరి స్త్రీలు, భర్తలు వదిలేసిన స్త్రీలు, వితంతువులు చదువుకుని నిలబడాలని కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ బోర్డు తొలి అధ్యక్షురాలు. ఇలాంటి దారుల్లో చదువుకున్న ఆడవాళ్ళకి దొరికే కొద్దిపాటి ఉద్యోగాల్లో హాస్టల్ మేట్రన్ ఒకటి. గేటు తాళంచెవి పట్టుకున్నావిడకి ఆ గేటు లోపలే ఒక గది తప్ప వేరే ఇల్లు లేకపోవచ్చు. ఆడపిల్లలకి ఏం జరిగినా మొదట పోయేది ఆమె ఉద్యోగమే. నియమాల కరకుదనంలో ఈ భయం వాటా ఎంతో మనం లెక్కవెయ్యలేదు.

ఎనిమిదో తరగతి దగ్గర యూనిఫాం స్వభావం మారుతుంది. అప్పటిదాకా గౌను లేదా స్కర్టు, చొక్కా. ఎనిమిది నుంచి లంగా ఓణీ. చాలా బళ్ళలో 1980ల చివరిదాకా ఇదే పద్ధతి. తర్వాత పంజాబీ డ్రెస్ వచ్చి ఓణీ స్థానంలో చున్నీ వచ్చింది. రెండువైపులా పిన్నీసులు, ఎదమీద వి ఆకారంలో మడత, నడుముకి బెల్టు. మగపిల్లాడి యూనిఫాంలో వయసుతో మారేది నిక్కరు పొడుగే. ఆడపిల్లకి మారేది బట్ట చేయవలసిన పని. మొన్నటిదాకా ఒంటిని ఎండనుంచి, చలినుంచి కాచిన గుడ్డ ఇప్పుడు చూపులనుంచి కాయాలి. కాయలేకపోతే తప్పు ఆ పిల్లది. ఓణీ వేసిన రోజునుంచి పరుగు పందేల్లో పేరివ్వడం మానేశామని చెప్పినవాళ్ళున్నారు. ఎవరూ వద్దనలేదట. పిన్నీసు ఊడుతుందని వాళ్ళే మానేశారు. నియమాల పుస్తకంలో రాయని నియమం అది.

తెలుపు గురించి వేరే చెప్పాలి. చాలా బళ్ళలో వారానికి ఒకటి రెండు రోజులు, ముఖ్యంగా శనివారం, తెల్ల యూనిఫాం. ఎవరి బుర్రలో పుట్టిందోగానీ అది నెలసరి వచ్చే పిల్లల్ని గుర్తుపెట్టుకున్న బుర్ర కాదు. పాతచీరల గుడ్డలు, వాటిని ఉతికి ఎవరికంటా పడకుండా ఎక్కడో గోడవెనక ఆరేసుకోవడం, తడిగానే వాడుకోవడం, శనివారం వస్తుందంటే శుక్రవారం రాత్రి నిద్ర పట్టకపోవడం. ఈ జ్ఞాపకంలో మాత్రం కాన్వెంటు, హాస్టలు అని తేడా లేదు. వరసలో వెనక నిలబడ్డ అమ్మాయి ముందు అమ్మాయి లంగా మీద మరక చూసి, ఏం మాట్లాడకుండా తన పుస్తకాల సంచి ఆమె వెనక్కి అడ్డం పెట్టి బాత్రూందాకా నడిపించడం, ఇది ముగ్గురు వేరువేరు బళ్ళవాళ్ళు దాదాపు ఒకేలా చెప్పారు. చున్నీ విప్పి నడుముకి కట్టి ఇచ్చి, తను చున్నీ లేదని దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. యూనిఫాం నియమాన్ని ఆడపిల్లలు ఎక్కువసార్లు మీరింది ఫ్యాషన్ కోసం కాదు, ఇలాంటివాటి కోసం.

రెండు జడలు, మడతపెట్టి రిబ్బన్లు. జుట్టుకి కూడా నియమముంది, ఎందుకంటే జుట్టుకి నూనె కావాలి, నీళ్ళు కావాలి, పేలు చూసే మనిషి కావాలి. ఇంట్లో అది అమ్మ పని. బోర్డింగులో ఆదివారం మధ్యాహ్నం మెట్లమీద ఒకరి వెనక ఒకరు కూచుని గొలుసులా జడలు వేసుకునేవాళ్ళు. ఈ గంట గురించి చెప్పేటప్పుడు అందరి మొహాలూ వెలిగాయి. పాటలు, ఊసులు, వార్డెన్ మేడం నడక అనుకరించడం, ఇంటినుంచి వచ్చిన సకినాలు, గారెప్పలు పంచుకోవడం. స్నేహాలు పుట్టింది ఇక్కడే. కొందరికి అవి ఇప్పటికీ ఉన్నాయి.

అదే జుట్టుని కత్తిరించెయ్యడం సంస్థలకి అన్నిటికన్నా సులభంగా తోచిన పరిష్కారం. పేలున్నాయని, నీళ్ళు చాలవని. ఇది పాతకాలపు ముచ్చట కాదు. 2019 ఆగస్టులో మెదక్‌లోని ఒక గురుకులంలో నీళ్ళ కొరత పేరుతో సుమారు 150 మంది ఆడపిల్లల జుట్టు కత్తిరించారని తల్లిదండ్రులు బడి ముందు ఆందోళన చేశారు. పేపర్లు దాన్ని నీళ్ళ సమస్యగా రాశాయి. తల్లులకి అది నీళ్ళ సమస్యగా కనబడలేదు. మన సమాజంలో ఆడదాని జుట్టు ఆమెని అడక్కుండా తీసేసిన చరిత్ర ఒకటుంది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించేనాటికి, తెల్లచీర, గుండు పై కులాల వితంతువులకి కట్టబెట్టిన యూనిఫాం. పల్లెల్లో ఆ ఆచారం లేని కులాల తల్లులకి కూడా ఆ గుర్తు తెలుసు. అదే ఏడాది హైదరాబాదులో ఒక మహిళా కళాశాల కుర్తీ మోకాళ్ళ కిందికి ఉండాలని నియమం పెడితే విద్యార్థినులు రోడ్డెక్కారు, నియమం వెనక్కి పోయింది. వాళ్ళు సాధించినందుకు సంతోషమే. గురుకులం పిల్లల జుట్టు మాత్రం పెరగాలంటే ఏళ్ళు పడుతుంది.

మిగతా నియమాల గురించి అందరికీ తెలిసిందే. ఉత్తరాలు అంటించకుండా ఇవ్వాలి, వచ్చినవి విప్పి చదివాకే ఇస్తారు, తెలుగు మాట్లాడితే జరిమానా, చూడ్డానికొచ్చేవాళ్ళ పేర్లు ముందే రాసిపెట్టాలి. ఇన్‌లాండ్ లెటరు మడతల్లో అగ్గిపుల్లతో, ఉల్లిపాయ రసంతో రాయడం వంటి కథలు ప్రతి బోర్డింగుకీ ఉన్నాయి. అన్నీ నమ్మక్కర్లేదు.

సిస్టర్ల బట్టల గురించి ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ, సన్యాసినుల దుస్తులు కాలానికీ, చోటుకీ తగినట్టు మార్చుకోమంది. మనదేశంలో చాలా సభల సిస్టర్లు క్రమంగా పొడుగాటి అంగీ వదిలి చీరలోకి వచ్చారు. మదర్ థెరిసా అయితే 1948లోనే నీలం అంచు తెల్లచీర కట్టారు. ఆ మార్పుని కళ్ళారా చూసిన విద్యార్థినులకి అది చిన్న భూకంపంలా గుర్తుంది. సిస్టరమ్మకి జుట్టుందని అప్పుడే తెలిసిందట! పిల్లల యూనిఫాం మాత్రం అలాగే ఉండిపోయింది. నియమం పెట్టినవాళ్ళ నియమం కూడా ఎక్కడో దూరాన ఎవరో పెట్టిందేనని, అది మారగలదని వాళ్ళలో ఒకావిడకి ఆ వయసులోనే తోచిందని చెప్పారు. ఆవిడ తర్వాత సన్యాసం తీసుకోబోయి మానుకున్నారు.

కాజీపేటకి ఆ పేరు రావడం వెనక అఫ్జల్ బియాబానీ దర్గా ఉంది. దర్గా వైపు ముస్లిం కుటుంబాల అమ్మాయిలు కొందరు ఇవే బళ్ళల్లో డే స్కాలర్లుగా చదివారు. బుర్ఖా గేటుదాకా, లోపల చున్నీ తలమీదికి. ఆయమ్మ గదిలో బుర్ఖాలు తగిలించుకోవడానికి ఒక మేకు ఉండేదట. ఆ మేకు ఎవరు కొట్టారో, ఏ నియమం కింద కొట్టారో ఎవరికీ గుర్తులేదు. 2022లో కర్ణాటక హైకోర్టు యూనిఫాం పేరుతో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది, ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. వందల పేజీల ఆ తీర్పుల కన్నా ఆ మేకు తెలివైనదనిపిస్తుంది నాకు.

ప్రభుత్వం ఆడపిల్లల బోర్డింగు చదువుని పెద్దఎత్తున తీసుకోవడం ఆలస్యంగా జరిగింది. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన మొదటి గురుకులం మగపిల్లలది. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాక లెక్క మారింది. సర్వశిక్షా అభియాన్ కింద రెండు జతల యూనిఫాంకి పిల్లకి 400 రూపాయలు, 2018లో సమగ్ర శిక్షా వచ్చాక 600 ఇచ్చారు. గుడ్డ సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించడం, 2024లో కుట్టుపని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళకి అప్పగించడం జరిగాయి. అప్పటిదాకా జతకి 50 రూపాయలున్న కుట్టుకూలిని 75 చేశారు. కూతురి యూనిఫాం కుట్టే తల్లి కూలి అది.

ఉతుకు లెక్క కూడా ప్రభుత్వ కాయితాల్లో ఉంది, కాస్మెటిక్ చార్జీలన్న పేరుతో. సబ్బు, నూనె, పౌడరు, బట్టల సబ్బు ఇందులోనే. తెలంగాణ హాస్టళ్ళలో ఎనిమిది నుంచి పదో తరగతి ఆడపిల్లకి నెలకి 75 రూపాయలు, మూడు నుంచి ఏడు దాకా 55 రూపాయలు ఉండేవి. 2024లో వాటిని 275, 175 చేశారు. అంటే 2024దాకా, నెలసరి మరకలతో సహా, ఒంటికీ తలకీ బట్టకీ కలిపి రోజుకి రెండున్నర రూపాయల శుభ్రత. ఆ రెండున్నర రూపాయల్లో నీట్‌గా ఉండనందుకు వరసలో ముందుకి పిలిచి నిలబెట్టారు.

మీ యూనిఫాం ఏదైనా దాచుకున్నారా అని అందరినీ అడిగాను. ఎవరి దగ్గరా లేదు. చెల్లెలు తొడిగింది, ఆ తర్వాత పిన్ని కూతురు. చిరిగాక బొంతలో కుట్టారు, ఉయ్యాల కట్టారు, పొయ్యిమీంచి గిన్నె దింపే మసిగుడ్డ అయింది. ఒకావిడ తల్లి, నంబరు కుట్టిన చోట మాత్రం కత్తిరించకుండా నెలసరి గుడ్డల మూటలో పెట్టిందట. నంబరు 43. ఫొటోలు నలుపు తెలుపువి కాబట్టి రంగు తెలియదు. ఒకే బెంచీలో కూచున్న ఇద్దరిని ఒకేరోజు కలిశాను. ఒకరు ఆకుపచ్చ అన్నారు, రెండోవారు నీలం. కాసేపు వాదించుకున్నాక, మొదటావిడ నీళ్ళ తొట్టి దగ్గర రాయి మీద దిగిన రంగు గుర్తుందని, అది నీలమేనని ఒప్పుకున్నారు.